కింది మడి వంతు

నాలుగింటికే షట్టర్ దించి
నర్సంపేట నుంచి బండి మీద వచ్చిన.
రోజూ నేను తీసేవి
నీలం పరదా ముందు పాస్‌పోర్టు మొహాలు,
పెండ్లి స్టేజీల మీద అలసిన నవ్వులు,
పోయినోళ్ల ఆధార్ కార్డు నుంచి పెద్దగ చేసి
దండకు సరిపోను కట్టిన పటాలు.
ఇయ్యాల ఒక్క పొద్దన్నా
"తల జర పైకెత్తు" అని చెప్పే పని లేనిదాన్ని
తీద్దామనుకున్న.

గుర్రాలకుంట కట్ట మీద నిలబడితే
గుట్ట అంచు నుంచి వాగు దాక
మెట్లు మెట్లుగ మళ్లు.
ఒక్కదానికీ మూలమట్టం లేదు.
ఒకటి కొడవలి తీరు, ఒకటి చాట తీరు,
ఒకటి పంచాయితీల తెగిన అన్నదమ్ముల తీరు,
నడుమ పచ్చిపచ్చిగ కొత్త గెట్టు.
యాసంగికి దమ్ము చేసి నీళ్లు నిలిపిండ్రు,
ఇంకా నారు పడలే.
లెక్క పెడితే పదిహేడు మళ్లు.
మళ్ల లెక్క పెడితే పద్దెనిమిది.

ట్రైపాడ్ కాళ్లు దించంగనే
"ఆ ఒడ్డు నిన్ననే చెక్కిన, పైలం" అన్నడు
భుజం మీద పారతోని ఒకాయన.
పేరు ఓదెలు. ఆ కుంటకు నీరటి.
ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో
ఆయన నోట్లె ఉంటది,
కాయితం మీద ఎక్కడా ఉండది.

పొద్దు గుట్టకు జానెడు మీదున్నది.
గాలి ఆగాలె.
గాలి ఆగితే మడి అద్దమైతది,
అద్దమైతే పదిహేడు పొద్దులు,
లేకుంటే పద్దెనిమిది.
కొంగ ఒకటి లేచిపోయింది, మంచిదే.
ఊపిరి బిగవట్టి
వేలు బటన్ మీద పెట్టిన.

సరిగ్గ అప్పుడే ఓదెలు వంగి
రెండు పారల మట్టి తీసిండు.
మడవ తెగింది.
పై మడిలున్న పొద్దు
ముందు వణికింది, ఎనుక సాగింది,
పగిలిన గుడ్డు సొన లెక్క
ఒడ్డు దాటి కిందికి జారింది.

"అయ్యో కాకా, రెండు నిమిషాలు ఆగరాదే!"
"నేనైతే ఆగుత.
కింద సోమలచ్చిమి నారు పీకి పెట్టుకున్నది,
కట్టలు వాడుతానయ్. అవి ఆగుతయా?"

తిట్టుకుంటనే చూసిన.
పై మడి ఇచ్చినంక కింది మడి,
అది నిండినంక ఆ కింది మడి.
నీళ్లు ఎటు పోతే ఎరుపు అటే పోతాంది.
ఎవరూ తోసుకుంట లేరు.
కెమెరా నా చేతులనే ఉన్నది,
నొక్కుడు మర్చిపోయిన.

"ఫొటోలు తీస్తవ్ గద, ఇట్ల రా" అని
తూము కాడికి తీసుకపోయిండు.
"ఇది ఎండ్రికాయ చేసిన బుంగ కాదు బిడ్డా,
లోపల రాయి కదిలింది.
ఆఫీసుల చెప్తే ఫొటో ఉన్నదా అంటరు.
నా ఫోన్ల తీస్తే చీకటే పడ్తది."

అంత దూరం నుంచి నేను మోసుకొచ్చిన లెన్సు,
అద్దెకు తెచ్చిన ఫిల్టర్,
గుట్ట మీద మిగిలిన వేలెడు వెలుతురు,
అన్నీ ఆ బుంగకే పెట్టిన.
ఎంత లోతో తెలువాలె గదా,
చెయ్యి పెట్టుమన్న.
మోచెయ్యి దాక పోయింది.
మొహం నీడల పడుతాంటె
నాకు తెలువకుంటనే నోట్లకెల్లి వచ్చింది,
"కాకా, తల జర పైకెత్తు."

రాత్రి స్టూడియోల కార్డు పెట్టి చూసిన.
పొద్దువి పదకొండు,
పదకొండూ అదిరినయ్.
బుంగది ఒక్కటే.

తొమ్మిదింటికి ఫోన్ చేసిండు.
"పడ్డదా?"
"పొద్దా, కాకా?"
"పొద్దుదేమున్నది, రేపు సుత గూకుతది.
బుంగ పడ్డదా?"
"పడ్డది."
"మంచిగనా?"
"నీ గోళ్ల సందుల మట్టి సుత కనపడ్తాంది."